ఖాళీగా తిరిగే చక్రం

దుకాణం, కిటికీ పక్క బల్ల
మార్చి 4

చిన్నముల్లుకి మామయ్య రాసేది,

ముందే చెప్తున్నా, ఇది క్షేమ సమాచారాల ఉత్తరం కాదు. నువ్వు బాగానే ఉంటావు. మీ అమ్మ రోజూ నీతో మాట్లాడి, నాకు అన్నం వడ్డిస్తూ వార్తలు చదువుతూనే ఉంది. ఇది ఫిర్యాదు. నువ్వు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవులకి ఆ దొప్పలు తగిలించుకుని ప్రపంచంలో వాళ్ళందరి కంప్యూటర్లకీ వైద్యం చెప్తావు కదా, మరి మన గడియారాల దుకాణంలో ఉన్నదానికి దిక్కెవరు?

జబ్బు ఇది. మెయిలు తెరుచుకుంటుంది. అక్షరాలన్నీ కనిపిస్తాయి. కింద గీత గీసి నీలం రంగులో లింకు ఉంటుంది చూడు, దాని మీదికి బాణం తీసుకెళ్తే బుద్ధిగా చెయ్యి బొమ్మగా మారుతుంది. నొక్కితే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒక్కోసారి చిన్న పెట్టె ఒకటి పైకి లేచి, ఈ పనికి తగిన ప్రోగ్రాం దొరకలేదని చెప్పి చక్కా పోతుంది. ఇంటర్నెట్ లేదా అంటే ఉంది. బ్రౌజరు గుర్తు మీద విడిగా నొక్కితే పేజీలు లక్షణంగా వస్తున్నాయి. మెయిల్లోంచి నొక్కితేనే రావు. ఒక మెయిలని కాదు, వచ్చిన ప్రతి మెయిలూ ఇదే వరస.

మౌసు విప్పి తుడిచాను. అందులో తప్పేం లేదు. రెండు బ్రెడ్డు ముక్కలు దొరికాయి, అవి నీ కాలం నాటివే అయ్యుంటాయి.

ఫోన్ చెయ్యమని మాత్రం రాయకు. నా కుడిచెవి వినపడదని నీకు తెలుసు. ఎడమచెవితో మాట్లాడితే మనిద్దరం మూడో నిమిషానికి పోట్లాడుకుంటాం. మెయిల్లో జవాబిస్తానంటావేమో, రోగి నుదుటి మీద మందుచీటీ రాస్తారా ఎవరైనా? కాగితం మీద రాయి. రెండు రోజుల్లో అందుతుంది.

తొందరేం లేదులే. ఏదో మెయిలు వచ్చింది, అందులో ఏముందో చూద్దామని.

మామయ్య


మూడో అంతస్తు, భోజనాల గది
మార్చి 8

మామయ్యా,

వాటిని దొప్పలు అనరు, హెడ్‌సెట్ అంటారు. తొందరేం లేదంటూ రెండు వైపులా నింపి రాసిన మనిషిని నిన్నే చూశాను.

నీకు అర్థమయ్యేలా చెప్తా. మెయిలు ప్రోగ్రాంకి పేజీ తెరవడం రాదు. నువ్వు లింకు నొక్కగానే అది ఆ అడ్రసు తీసుకెళ్ళి బ్రౌజరు చేతిలో పెడుతుంది, పేజీ తెరిచేది బ్రౌజరే. ఏ బ్రౌజరుకి ఇవ్వాలన్నది కంప్యూటర్లో ఒకచోట రాసి ఉంటుంది. నీ దగ్గర బ్రౌజరు బాగుంది, మెయిలూ బాగుంది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి అందించే దగ్గర తెగింది.

ముందు కంప్యూటరు మొత్తం ఆపి మళ్ళీ పెట్టి చూడు. అప్పటికీ కాకపోతే, లింకు మీద కుడి బటను నొక్కి కాపీ చేసి, బ్రౌజరు తెరిచి పైన అడ్రసు పెట్టెలో అతికించు. పేజీ వచ్చేస్తుంది.

ఒకటి అడుగుతా, కోప్పడకు. ఈమధ్య అందులోంచి ఏమైనా పీకావా?

ఇక్కడ నాకు అంతా బాగానే ఉంది. పని కాస్త ఎక్కువ, అంతే. ఆ బ్రెడ్డు ముక్కలు నావి కావు, నీవే.

నీ చిన్నముల్లు


దుకాణం
మార్చి 12

చిన్నముల్లుకి,

నేను ఏమీ పీకలేదు. నలభై ఏళ్ళుగా జనం గడియారాలు విప్పి బిగిస్తున్నవాణ్ణి, బిగించాక ఒక్క స్క్రూ మిగిలిందన్న మాట ఇంతవరకూ పడలేదు. నన్ను పట్టుకుని పీకావా అని అడగడానికి నీకు నోరెలా వచ్చిందో నాకు తెలియదు.

ఆపి పెట్టాను. లాభం లేదు. నీ రెండో వైద్యం మాత్రం నేను చేయను. ఆగిపోయిన గడియారం ఎవరైనా తెస్తే, ముల్లుని వేలితో తిప్పి, ఇదిగో టైము సరిగ్గా ఉంది పట్టుకుపో అంటానా? నీకు పదేళ్ళప్పుడు నువ్వు అదే పని చేశావు, గుర్తుందా? వారం రోజులు నీచేత పట్టకారు ముట్టించలేదు, గాజు మూతలు తుడిపించాను. కాపీ చేసి అతికించడం వేలితో తిప్పడమే. జబ్బు ఎక్కడుందో చెప్పు, బాగుచేస్తాను. లేదా నాకు తెలియదు అని రాయి, అదీ మర్యాదే.

ఆ మెయిలు పంపినవాళ్ళు మళ్ళీ ఇంకోటి పంపారు, మొదటిది చూశారా అని. వాళ్ళకేం పనిలేదు.

మోకాళ్ళు పట్టేశాయి. మొన్న తొంభై ఆరు మెట్లు ఎక్కి దిగాను. మీ అమ్మ కాపడం పెడుతూ తిట్టింది, అదృష్టవశాత్తూ కుడిచెవి వైపు కూర్చుని.

మామయ్య


మూడో అంతస్తు, మెట్ల మీద కూర్చుని
మార్చి 16

మామయ్యా,

తొంభై ఆరు మెట్లు మన ఊళ్ళో ఒక్కచోటే ఉన్నాయి. చిన్నప్పుడు నీ వేలు పట్టుకుని లెక్కపెట్టింది నేనే. పదకొండేళ్ళుగా నాలుగూ ఇరవై దగ్గర ఆగిపోయిన స్తంభం గడియారం దగ్గరికి, ఆ మోకాళ్ళతో, గాలి పీల్చుకోవడానికి వెళ్ళావా? నా దగ్గర ఏదో దాస్తున్నావు. సరే, నేనూ దాచాను. ముందు నాది చెప్తా, తర్వాత నీది నువ్వు చెప్పు.

ఇక్కడ అంతా బాగాలేదు. మా దగ్గర ఒక్కో ఫోను ఏడు నిమిషాల్లో ముగించాలి. నాకు పంతొమ్మిది పడుతోంది. నా దగ్గరికి వచ్చినవాళ్ళు అదే జబ్బుతో మళ్ళీ ఫోన్ చేయరు. మిగతావాళ్ళ దగ్గరికి మర్నాడే మళ్ళీ వస్తారు. కానీ మా సూపర్‌వైజరు చూసే కాగితంలో ఆ గడి లేదు, నిమిషాల గడి ఒక్కటే ఉంది. చేతికి ఒక కాగితం ఇచ్చాడు, నెలాఖరులోగా వేగం పెరగకపోతే ఇంటికే. అమ్మకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నత్తలా నడుస్తానని నాకు చిన్నముల్లు అని పేరు పెట్టింది నువ్వు. ఆ పేరు ఇక్కడిదాకా వెంటపడి వచ్చింది.

ఇంకో సంగతి వింటే నవ్వుతావు. మేం చూసే ఒక పెద్ద ఆఫీసులో నాలుగు వందల కంప్యూటర్లకి రెండు వారాలుగా అచ్చం నీ జబ్బే. మెయిల్లో లింకు నొక్కితే ఏమీ రాదు. కాపీ చేసి అతికించుకోమని చెప్పి ఫోను పెట్టేయమని మాకు పైనుంచి మాట. అందరూ అదే చేస్తున్నారు. నాకు మాత్రం ఆ మాట చెప్పేటప్పుడు గాజు మూతలు గుర్తొస్తున్నాయి. అయినా చెప్తున్నాను, ఉద్యోగం కావాలి కదా.

నువ్వు ప్రతి గడియారానికీ ఏం విప్పావో, ఏం బిగించావో తారీకు వేసి రాసే పుస్తకం ఉంది కదా. కంప్యూటరుకి కూడా రాసే ఉంటావు, నీ సంగతి నాకు తెలుసు. తీసి చూడు. లింకులు ఎప్పటిదాకా తెరుచుకున్నాయో, ఆ రోజు చుట్టుపక్కల ఏం చేశావో రాయి.

చిన్నముల్లు


దుకాణం, షట్టరు సగం దించి
మార్చి 21

చిన్నముల్లుకి,

పుస్తకం తీశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. 'ఫిబ్రవరి 19. దుకాణం కంప్యూటరు. నెమ్మదిగా నడుస్తోంది. ఖాళీగా తిరుగుతున్న ప్రోగ్రాములు మూడు తీసివేత. ఇప్పుడు చురుగ్గా ఉంది.'

పీకలేదు అన్నాను. పీకాను.

అలారం చెడిపోయిన గడియారాల్లో దాని చక్రాలు ఉత్తినే తిరుగుతూ ఉంటాయి, అసలు చక్రాలకి బరువు. వాటిని తీసేయడం నా అలవాటు, నీకు నేర్పింది కూడా నేనే. అదే చేత్తో ఇక్కడా తీసేశాను. రెండు ఆటలు పోయాయి, వాటితో బాధ లేదు. మూడోది పాత బ్రౌజరు. రెండేళ్ళ కిందట నువ్వు కొత్తది వేసి వెళ్ళాక నేను దాని గుర్తు మీద ఒక్కసారీ నొక్కలేదు, మెయిల్లోంచి వచ్చే పేజీలు అందులోనే తెరుచుకుంటున్నాయని గమనించనూ లేదు. ఖాళీగా పడి ఉందనుకున్నా. లింకులన్నీ దాని చేతికే ఇవ్వమని రాసి ఉందని నాకేం తెలుసు? ఇప్పుడు ఆ మెయిలు అడ్రసు పట్టుకుని లేని మనిషి తలుపు కొడుతోందన్నమాట. ఇంతేనా, లేక ఇంకేమైనా ఉందా?

ఇక నా సంగతి. స్తంభం గడియారం బాగుచేయించాలని కమిటీ వేశారు. ఎవరు చేస్తారో రాయమంటే రాశాను, పైకెక్కి కొలతలు తీసి ఇచ్చాను. నన్నే ఎంచుకున్నారు. ఆ మెయిలు అదే. ఒప్పుకుంటున్నట్టు లింకు నొక్కి, వచ్చిన ఫారం నింపి పంపాలి. ముప్పయ్యో తారీకు సాయంత్రం ఐదు దాటితే పని ఇంకొకడికి పోతుంది. వాడు డయల్ వెనక కరెంటు మోటారు పెట్టి, లోపలి యంత్రం మొత్తం పాత ఇనుముకి వేస్తానన్నాడు. మీ తాతయ్య ఇరవై ఏళ్ళు వారానికోసారి ఆ మెట్లెక్కి కీ ఇచ్చిన యంత్రం అది. ఆయన వెనక నూనె డబ్బా పట్టుకుని ఎక్కింది నేను.

కమిటీ ఆఫీసుకి వెళ్ళాను. బల్ల దగ్గర ఉన్న అమ్మాయి మర్యాదగానే, అంతా ఆన్‌లైన్లోనే అంకుల్ అంది. లింకు తెరుచుకోవడం లేదని నోటిదాకా వచ్చి ఆగింది. మెయిలు తెరవడం రానివాడు ఊరి గడియారం ఏం బాగుచేస్తాడని అనుకోరూ? నీకు ముందే చెప్పనిది కూడా అందుకే. పని చేతికొచ్చాక గొప్పగా చెబుదామనుకున్నా.

ఏడు నిమిషాల్లో నేను గడియారం వెనక మూత కూడా తీయను. మీ సూపర్‌వైజరుకి ఆ మాట నా మాటగా చెప్పు.

మామయ్య


నా గది
మార్చి 24

మామయ్యా,

ఇదే మాట మెయిల్లోనూ పంపాను, కొరియర్లోనూ పంపుతున్నాను. రోగి నుదుటి మీద రాయక తప్పలేదు.

ముందు వేలితో తిప్పు. ఈ ఒక్కసారికి. లింకు కాపీ చెయ్యి, బ్రౌజరులో అతికించు, ఫారం నింపు, పంపు. తర్వాత తీరిగ్గా బాగుచేసుకుందువుగాని. కొరియరు నీ చేతికొచ్చే సరికి ఇంకా నాలుగు రోజులుంటాయి. కంప్యూటరు లోపలి జబ్బు నాలుగేళ్ళు ఉన్నా ఎవరికీ ఏం కాదు, తాతయ్య యంత్రం మాత్రం పాత ఇనుముకి పోతుంది. నీ పట్టుదల కోసం దాన్ని పోగొడితే నీతో మాట్లాడను. ఎడమచెవితో కూడా.

అది అయ్యాక అసలు మరమ్మతు. నువ్వు రాసింది సరిగ్గా అదే, ఇంకేం లేదు. సెట్టింగ్స్ తెరువు. అందులో డిఫాల్ట్ యాప్స్ అని ఉంటుంది, ఏ పనికి ఏ ప్రోగ్రామో రాసి ఉండే చోటు అదే. బ్రౌజరు అన్నచోట ఖాళీ ఉంటుంది, లేదా పోయినదాని పేరుంటుంది. ఇప్పుడు నువ్వు వాడేదాన్ని అక్కడ ఎంచుకో. మెయిలు మూసి తెరువు. అంతే.

నీ పుస్తకం చదివాక నాకు కాలు నిలవలేదు. ఆ పెద్ద ఆఫీసువాళ్ళని అడిగాను, జబ్బు మొదలవడానికి ముందు ఏం విప్పారని. వాళ్ళూ ఒక శనివారం, ఎవరూ వాడటం లేదనుకుని పాత బ్రౌజరుని నాలుగు వందల కంప్యూటర్లలోంచీ తీసేశారు. నీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు మామయ్యా. సూపర్‌వైజరుకి చెప్తే, నీ నిమిషాలు చూసుకో అన్నాడు. రేపు కాగితం రాసుకుని పై అంతస్తులో పెద్ద ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ విసుక్కుంటే ఈ నెలే నా ఆఖరి నెల. విసుక్కున్నా ఫరవాలేదు, ఇక ఎవరికీ అతికించుకోమని చెప్పలేను.

చిన్నముల్లు


దుకాణం
మార్చి 31

చిన్నముల్లుకి,

నీ మెయిలు చూసి మండిపోయింది. నా శిష్యురాలు నాకే వేలితో తిప్పమని చెప్తుందా అనుకుని ఐదు రోజులు మొండికేశాను. ఆ ఐదు రోజులూ నీ మాట లేకుండా నేనే బాగుచేసి చూపిద్దామని చూశాను. తీసేసిన బ్రౌజరుని మళ్ళీ తెచ్చి పెడదామంటే, అది ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదట.

నిన్న మూడు గంటలకి మీ అమ్మ వచ్చింది. దానికి ఈ లింకుల గోల ఏమీ తెలియదు. కిటికీలోంచి స్తంభం వైపు చూసి, "నాన్న ఉంటే రేపు కీ ఇచ్చే రోజు" అని వెళ్ళిపోయింది. నేను లేచి కంప్యూటరు ముందు కూర్చున్నాను. కాపీ చేశాను. అతికించాను. సిగ్గేసింది, కానీ పేజీ వచ్చింది.

ఫారం నింపడానికి గంటంబావు పట్టింది. ఒక్కో వేలూ ఒక్కో అక్షరం వెతుక్కోవాలి కదా. ఒక గడి దగ్గర మాత్రం పావుగంట చెయ్యి ఆడలేదు. అదేమిటో తర్వాత చెప్తా. నాలుగూ యాభై రెండుకి పంపాను. పని నాదే.

ఈ పొద్దున్న అసలు మరమ్మతు చేశాను. నువ్వు చెప్పిన చోట చూస్తే నిజంగానే బ్రౌజరు దగ్గర ఖాళీ. కొత్తది ఎంచుకున్నా. మెయిలు తెరిచి నొక్కితే, పేజీ ఎదురుగా వచ్చి నిలబడింది. మళ్ళీ మూసి మళ్ళీ నొక్కాను. పాత మెయిళ్ళు అన్నీ వెతికి లింకులన్నీ నొక్కాను. పంటి డాక్టరుకి అపాయింట్‌మెంట్ కూడా పడిపోయింది.

పుస్తకంలో రాశాను: 'కారణం కనిపెట్టింది చిన్నముల్లు.'

పై అంతస్తులో ఏమైంది?

మామయ్య


నాలుగో అంతస్తు, కొత్త బల్ల
ఏప్రిల్ 6

మామయ్యా,

పైన రాసిన అంతస్తు మారింది, చూశావా?

ఇంజనీరమ్మ విసుక్కోలేదు. రెండు పేజీలు రాసుకెళ్ళాను, నీ పుస్తకంలో లాగే, ఏం విప్పారు, ఎప్పుడు విప్పారు, అప్పట్నుంచి ఏం ఆగింది. నిలబడే చదివింది. తర్వాత కూర్చుని ఇంకోసారి చదివింది. ఆదివారం ఒకచోట నుంచే నాలుగు వందల కంప్యూటర్లలోనూ ఆ ఖాళీ నింపేశాం. సోమవారం మా అంతస్తు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, సూపర్‌వైజరు ఫోను ఎత్తి పనిచేస్తోందా లేదా అని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు.

నా చేతికిచ్చిన కాగితం వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బులకి కారణం వెతికే పనిలో వేశారు. ఇక్కడ నిమిషాలు లెక్కపెట్టరు. ఇలా వెతకడం ఎక్కడ నేర్చుకున్నావని ఇంజనీరమ్మ అడిగింది. మా మామయ్య గడియారాల బల్ల దగ్గర అన్నాను. చెప్తుంటే ఛాతీ ఎంత పొంగిందో, అందరూ చూస్తున్నారని కూడా అనిపించలేదు.

ఇప్పుడు ఒకటి అడుగుతా. ఇరవై ఏళ్ళప్పుడు నేను ఈ ఉద్యోగానికి వెళ్తానని చెప్తే నువ్వు చేతిలో ఉన్న గడియారానికి మూత బిగించి, ఇంకోటి తీశావు. పదేళ్ళు నేర్పిన పని గాలికి వదిలేసి పోయానని నీకు ఇప్పటికీ కోపమేనా? ఆరేళ్ళుగా అడగలేకపోయాను. ఇవాళ ధైర్యం వచ్చింది.

చిన్నముల్లు


స్తంభం, తొంభై ఆరో మెట్టు
జూన్ 15

చిన్నముల్లుకి,

రెండు నెలలు నీ ప్రశ్నకి జవాబు రాయలేదు. చేతినిండా నూనె, తలనిండా పళ్ళచక్రాలు. పావురాల గూళ్ళే ఒక బండెడు దించాం. ఒక్క ముక్క కూడా పాత ఇనుముకి పోలేదు, అరిగిన చక్రాలు రెండు కొత్తగా కోయించాను.

ఇవాళ పదకొండు గంటలకి కొట్టింది. కింద నడుస్తున్న జనం ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు. మీ అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు, గంట పక్కనే ఉన్నాను కాబట్టి కళ్ళు అదిరి నీళ్ళొచ్చాయి.

నీ ప్రశ్నకి జవాబు కాగితం మీద రాయడం నా వల్ల కావడం లేదు. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. సాయంత్రం నీకు మెయిలు పంపుతాను. అందులో ఒక లింకు ఉంటుంది. నొక్కు. నా వైపు నుంచి తప్పేం లేదు, తెరుచుకోకపోతే నీ కంప్యూటరు చూసుకో.

మామయ్య


నాలుగో అంతస్తు, నా బల్ల
జూన్ 18

మామయ్యా,

నీ మెయిల్లో నా పేరూ లేదు, నీ పేరూ లేదు, ఒక్క నీలం గీత ఉంది. నొక్కాను. తెరుచుకుంది.

కమిటీ వాళ్ళ పేజీ. పైన గడియారం బొమ్మ, ముళ్ళు పదకొండు గంటలు చూపిస్తూ. కింద నువ్వు మార్చి ముప్పైన నింపిన ఫారంలోంచి తీసి వేశారు. బాగుచేసినవారు అని నీ పేరు. పని ఎవరి దగ్గర నేర్చుకున్నారంటే తాతయ్య పేరు. దాని కింద ఇంకో గడి: 'మీ దగ్గర ఈ పని నేర్చుకుని, ఇప్పటికీ చేస్తున్నవారు.'

అక్కడ నా పేరుంది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. దాని పక్కన నువ్వు టైపు చేసిన మాట వాళ్ళు అలాగే ఉంచేశారు: 'ప్రస్తుతం కంప్యూటర్లు. నాకంటే మెరుగు.'

పావుగంట చెయ్యి ఆడని గడి ఇదేనని తెలిసింది. ఆరేళ్ళు నేను వదిలేశాననుకున్నాను మామయ్యా. నువ్వు మాత్రం నేను ఇంకా ఆ పనే చేస్తున్నానని అనుకుంటున్నావు. బల్ల మీద తల పెట్టుకుని ఏడిస్తే, పక్క బల్ల అమ్మాయి సిస్టం పోయిందేమో అని పరిగెత్తుకొచ్చింది. పేజీ చూపించాను. ఆవిడ ఇంకొకర్ని పిలిచింది. ఇంజనీరమ్మ కూడా వచ్చి చదివింది. ఇవాళ నాలుగో అంతస్తులో అందరికీ మన గడియారం తెలుసు.

ఆదివారం వస్తున్నాను, పదకొండు లోపలే స్తంభం దగ్గరికి. నీ మోకాళ్ళకి సెలవు, ఈ వారం కీ నేనిస్తాను. పిడికి ఎర్ర దారం చుట్టిన చిన్న స్క్రూడ్రైవరు నాది. దాన్ని తీసి బల్ల మీద పెట్టు.

నీ చిన్నముల్లు